కీలుగుర్రం దిగని వీధి

తిరుపతిలో తాతయ్యగుంట దగ్గర కథలు చెప్పే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయన తండ్రి డోలీ మోసినవాడు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచి బస్సులు కొండెక్కేదాకా, నడవలేని యాత్రికులను అలిపిరి మెట్ల మీదుగా డోలీలోనే తీసుకుపోయేవారు. మూడున్నర వేల మెట్లు. ఎక్కినంతసేపూ డోలీలో కూర్చున్నవాళ్లు తమ ఊరి కథలు చెప్పేవారు, మోసేవాళ్లు వినేవారు. ఆ కథలు రాత్రికి ఇంటికి చేరి కొడుకు చెవిన పడేవి. బస్సులొచ్చి డోలీ పని తగ్గిపోయింది గానీ కథలు మిగిలాయి. అప్పటికే వయసు మీరిన కొడుకు ఇంటి అరుగు మీద కూర్చుని వాటిని చెప్పడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా దీపాలు పెట్టే వేళకు ఆ అరుగు ముందు చేరేది.

అప్పట్లో తిరుపతి చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పట్నం. సొంతంగా జిల్లా కావడం 2022 నాటి మాట.

ముసలాయన దగ్గర ముగ్గురు శిష్యులుండేవారు. మొదటివాడు గొంతు బాగున్నవాడు. రెండోవాడు బాగా చదువుకున్నవాడు. మూడోది మజ్జిగ అమ్మే ఆమె కూతురు. ఆ పిల్లను ఎవరూ శిష్యురాలిగా చేర్చుకోలేదు. రోజూ వచ్చి అరుగు చివర కూర్చునేది, కొన్నాళ్లకు ముసలాయనే ఆమెను కూడా లెక్కలో వేసుకున్నాడు.

కథలో వీరుణ్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలించడమే కష్టమైన పని అని ముసలాయన చెప్పేవాడు. ఎవరెవరు ఎట్లా కదిలారో పదే పదే వివరించేవాడు. పంచతంత్రంలో సాలెవాడు కొయ్య గరుత్మంతుడి మీద ఎగిరి రాజకుమార్తె మేడమీద వాలాడు. పెద్దన గారి ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని హిమాలయానికి పోయాడు, మంచుకు ఆ పసరు కరిగిపోయి తిరిగి రాలేక చిక్కుకున్నాడు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచాడు. అరేబియా కథల్లో ఒకచోట నల్లకొయ్య గుర్రం మీట తిప్పగానే ఆకాశానికి లేచింది. అదే కథల్లో మరోచోట బాగ్దాదు ఖలీఫా హరూన్ అల్ రషీద్ వర్తకుడి బట్టలు కట్టుకుని, మంత్రిని వెంటబెట్టుకుని రాత్రిపూట తన నగరం వీధులు తిరిగాడు. ఒకే పుస్తకంలో ఎగిరే గుర్రమూ ఉంది, కాలినడకన తిరిగే ఖలీఫా కూడా ఉన్నాడు. ఈ సంగతి దగ్గర ముసలాయన ఎప్పుడూ కాసేపు ఆగేవాడు. ఎందుకు ఆగేవాడో శిష్యులకు తెలిసేది కాదు.

ఇక తిరుపతిలో జరిగిన తిరుగుడు అందరికీ తెలిసిందే, అయినా ఏటా మే నెలలో గంగమ్మ జాతర రాగానే ముసలాయన దాన్ని మళ్లీ చెప్పేవాడు. పెళ్లీడు ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడొకడు ఊరిని పట్టి పీడించాడు. అవిలాలలో కైకాల వాళ్లింట పెరిగిన గంగమ్మ మీద చెయ్యి వేయబోయి, ఆమె అసలు రూపం చూసి పారిపోయాడు. ఎక్కడో దాక్కున్నాడు. దేవత కాబట్టి ఆమె కళ్లు మూసుకున్నా వాడెక్కడున్నాడో కనిపించి ఉండాలి. కానీ ఆమె అలా చేయలేదు. రోజుకో వేషం వేసుకుని వీధి వీధీ వెతికింది. ఒకనాడు బైరాగి, ఒకనాడు బండ, ఒకనాడు తోటి. దొర వేషంలో వచ్చినప్పుడు, నిజంగానే దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికొచ్చాడు. అక్కడే వాడి తల తెగింది. ఆ తర్వాత ఆమె మాతంగి వేషంలో పోయి, వాడి పెళ్లాన్ని ఓదార్చింది. చంపిన చేత్తోనే కన్నీళ్లు తుడిచిన ఈ ఘట్టం నాకు ఎన్ని కథల్లో వెతికినా మళ్లీ దొరకలేదు. గంగమ్మ అలా వేషాలు మార్చి వెతికింది కాబట్టే ఇప్పటికీ తిరుపతి జనం జాతర వారమంతా ఆ వేషాలే వేస్తారు. బైరాగికి ఒంటినిండా తెల్లసుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. వేషంలో ఉన్నవాళ్లు ఎవరిని తిట్టినా ఎవరూ కోపగించుకోరు.

ఒక ఏడు జాతర చాటింపు వేసిన రాత్రి ముసలాయన శిష్యులకు ఒక ముడి వేశాడు. పాకాల వైపు పల్లె నుంచి ఒక అవ్వ, అయిదేళ్ల మనవడితో జాతరకు వచ్చింది. నాలుగుకాళ్ల మండపం దగ్గర జనం తోపులాటలో పిల్లవాడి చెయ్యి వదిలిపోయింది. వాడికి తన ఊరి పేరు తెలియదు. ఇంటి ముందు చింతచెట్టు ఉందని మాత్రం తెలుసు. వీరుడు తిరుపతి అంతా తిరిగి, ఒక్క రాత్రిలో ఆ పిల్లవాణ్ని వెతికి తేవాలి. ఎలా తిరుగుతాడో శిష్యులు చెప్పాలి. ఎవరి కథ నిలబడుతుందో వాళ్లకు తన తర్వాత ఆ అరుగు ఇస్తానన్నాడు.

మొదటి శిష్యుడు ఆ రాత్రే లేచి నిలబడ్డాడు. 1949లో వచ్చిన కీలుగుర్రం సినిమా జనం కళ్లముందు ఇంకా ఆడుతూనే ఉన్న రోజులవి. అతను తన వీరుణ్ని కీలుగుర్రం ఎక్కించాడు. గుర్రం గోవిందరాజుల గాలిగోపురం పైకి లేచింది. వీరుడికి కింద పుష్కరిణి కనిపించింది, స్టేషన్లో రైలు పొగ కనిపించింది, ఒకపక్క కపిలతీర్థం జలపాతం, ఇంకోపక్క స్వర్ణముఖి ఇసుక, కొండకు చుట్టుకున్న ఘాట్ రోడ్డు మీద బస్సు దీపాలు కనిపించాయి. వింటున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. వీరుడు పట్నాన్ని మూడు చుట్లు చుట్టి, గుర్రాన్ని కిందికి దించి, పిల్లవాణ్ని ఎత్తుకుని తెచ్చి అవ్వ ఒడిలో పెట్టాడు. ముసలాయన బాగుందని మెచ్చుకుని ఒక్కటే అడిగాడు. గుర్రం ఏ వీధిలో దిగిందన్నాడు. శిష్యుడు ఆ వీధి పేరు చెప్పలేకపోయాడు. పిల్లవాడు ఉన్న వీధిలో దిగిందన్నాడు. ముసలాయన తల ఊపి ఊరుకున్నాడు.

మర్నాటి రాత్రి రెండోవాడు చెప్పాడు. ఇతని వీరుడు పాదాలకు పసరు పూసుకున్నాడు. మంచుకు కరగకుండా, ఎండకు ఎండకుండా ఉండేందుకు ఆ పసరులో ఏమేం కలపాలో అతను చాలాసేపు చెప్పాడు. మూలికల పేర్లు విని పెద్దవాళ్లు ముచ్చటపడ్డారు. వీరుడు రెప్పపాటులో గాంధీరోడ్డు దాటాడు, బండ్ల వీధి, తీర్థకట్ట వీధి, కోటకొమ్మల వీధి తిరిగాడు, తిరుచానూరు దాకా పోయి వచ్చాడు. ఒక్క సందు కూడా వదల్లేదు. ముసలాయన ఇతన్నీ మెచ్చుకుని ఒక్కటే అడిగాడు. అంత వేగంగా పరుగెత్తే మనిషిని చూసి, తప్పిపోయిన పిల్లవాడు దగ్గరికి వస్తాడా, దాక్కుంటాడా అన్నాడు. చదువుకున్న శిష్యుడు తన పుస్తకాల్లో అంతకుముందు ఆ ప్రశ్న చూసి ఉండలేదు.

మూడో శిష్యురాలు మాత్రం జాతర ఆఖరి రోజుదాకా గడువు అడిగింది. ముసలాయన సరేనన్నాడు.

ఆఖరి రోజు రాత్రి అరుగు ముందు ఎప్పుడూ లేనంత మంది చేరారు. ఆ వీధివాళ్లే కాక, ఎప్పుడూ రాని వాళ్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. పిల్ల మెల్లగా కథ ఎత్తుకుంది.

ఆమె వీరుడికి వాహనం లేదు. మొదటి రోజు ఒంటికి తెల్లసుద్ద పూసుకుని బైరాగి అయ్యాడు. బైరాగిపట్టెడ మీదుగా నడిచి, స్టేషన్ ఎదుట సత్రం వసారాలో పడుకున్న యాత్రికుల మధ్య తానూ పడుకున్నాడు. పరదేశుల దగ్గర పరదేశికి మాట దొరికింది. ఒక పిల్లవాడు ఏడుస్తూ, తన అవ్వ చీర రంగు చీరే కట్టుకున్న ఎవరో ఆమె వెనక నడిచి పోయాడని, ఆమె తిరిగి చూసి తన పిల్లవాడు కాడని చెప్పి ఒక జట్కా అతనికి అప్పగించిందని వాళ్లు చెప్పారు.

రెండో రోజు కుంకుమ పూసుకుని బండ అయ్యాడు. బండ్ల వీధికి పోయి జట్కావాళ్లతో జగడం పెట్టుకున్నాడు. మంచిమాటగా అడిగినవాళ్లందరికీ తెలియదన్న జట్కా అతను, నోరారా తిట్టించుకున్నాక, తానూ నోరారా తిట్టాక, ఉన్నమాట చెప్పేశాడు. పిల్లవాణ్ని ఎక్కించుకున్న మాట నిజమే. ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక, ఇంతలో బాడుగ తగిలితే, ఒక సత్రం పెరటి దగ్గర దించేశాడు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదని చెప్పి ఏడ్చాడు. జట్కా అతని మనసులో ఆ బరువుందని ఎగిరే గుర్రం మీది వీరుడికి ఎన్నటికీ తెలిసేది కాదు.

మూడో రోజు బొగ్గు పూసుకుని తోటి అయ్యాడు. తెల్లవారకముందే, పట్నం లేవకముందే, సత్రాల వెనక సందుల్లో చీపురు పట్టాడు. ఊడ్చేవాళ్లు ఊడ్చేవాడితో మాట్లాడారు. పెరట్లో విస్తళ్ల దగ్గర ఒక పిల్లవాడు కూర్చుని ఉంటే పూలు కట్టే ఆడవాళ్లు చూసి, తమ వీధికి తీసుకుపోయారని చెప్పారు.

ఇంక వీరుడికి తొందర పుట్టింది. నాలుగో రోజు గంధం పూసుకుని, తలపాగా చుట్టి, దొరగా ఆ పూల వీధిలో అడుగుపెట్టాడు. పాలెగాడంతటి వాడు దొరను చూసి బయటికొచ్చాడు కదా, పిల్లవాడు రాడా అనుకున్నాడు. దొరను చూడగానే వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఆడవాళ్లు పూలబుట్టలు లోపలికి లాక్కున్నారు. అడిగితే పిల్లవాడెవరూ లేడన్నారు. పెద్దవాళ్లు వచ్చి పిల్లల కోసం అడిగితే మంచికి అడిగిన అనుభవం వాళ్లకు లేదు. పిల్లవాడు లోపల మంచం కిందికి దూరాడు. ఇక్కడ పిల్ల కాసేపు ఆగింది. గంగమ్మ కథ తెలిసినవాళ్లందరూ ఆ ఆగిన చోట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొర వేషం దుర్మార్గుణ్ని బయటికి రప్పించింది గానీ, అదే వేషం భయపడిన పసివాణ్ని ఇంకా లోపలికి పంపింది.

అయిదో రోజు వీరుడు చీర కట్టుకుని మాతంగి అయ్యాడు. అదే వీధికి పోయి, అరుగు మీద చోటడిగి కూర్చున్నాడు. పిల్లవాడి మాటే ఎత్తలేదు. దారమూ పూలూ తీసుకుని కట్టసాగాడు. ముడి సరిగ్గా పడక పూలు జారిపోతుంటే ఆడవాళ్లు నవ్వి నేర్పించారు. పొద్దు వాలేసరికి మాటల్లో మాటగా, తమ ఊరి ఇంటిముందు చింతచెట్టు ఒకటుందని, దాని కింద ఉయ్యాల కట్టుకునేవాళ్లమని వీరుడు చెప్పాడు. తలుపు సందులోంచి వింటున్న పిల్లవాడు బయటికొచ్చి, తమ ఇంటి ముందు కూడా చింతచెట్టు ఉందన్నాడు. వచ్చి ఒడిలో కూర్చున్నాడు. ఆడవాళ్లు అప్పుడు సంగతంతా విని, వాడికి తలంటి, జాతర అంబలి తాగించి, వీరుడి భుజం మీదికి ఎక్కించారు.

అవ్వ నాలుగుకాళ్ల మండపం దగ్గరే ఉంది. చెయ్యి వదిలిన చోటు విడిస్తే మనవడు తిరిగొచ్చినప్పుడు తనను ఎక్కడ వెతుక్కుంటాడని, అన్ని రోజులూ అక్కడి నుంచి కదల్లేదు.

కథ అయిపోయింది. వింటున్నవాళ్లలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. మొదటి శిష్యుడు లేచి న్యాయం అడిగాడు. ఒక్క రాత్రిలో తేవాలని గురువు పెట్టిన షరతు ఉండగా, ఈ వీరుడు అయిదు రోజులు తీసుకున్నాడు కదా అన్నాడు. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ముసలాయన కూడా షరతు తప్పిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఈ వారం రోజులూ ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పమని శిష్యులను అడిగాడు.

మొదటివాడు ఇంట్లో కూర్చుని గుర్రం రెక్కలకు, మీటలకు కొలతలు వేసుకున్నాడు. రెండోవాడు మూలికల గ్రంథం ముందేసుకుని కూర్చున్నాడు. మూడో శిష్యురాలు జవాబు చెప్పేలోపే, వెనక నిలబడ్డ జనంలోంచి ఒక జట్కా అతను ముందుకొచ్చాడు. కథలోని తిట్లు తనవేనన్నాడు. నాలుగు రోజుల కిందట ఈ పిల్ల మజ్జిగ కుండతో తమ అడ్డాకు వచ్చిందని, మజ్జిగ పులిసిందని తాను తిడితే ఎదురు తిట్టిందని, ఆ తర్వాత జట్కావాళ్లందరూ తమ కష్టాలు ఆ పిల్లకు చెప్పుకున్నారని చెప్పాడు. సందులూడ్చే ముసలామె ఒకామె, తనకు మజ్జిగ పోసి పక్కనే కూర్చున్న పిల్ల ఈమేనని గుర్తుపట్టింది. పూలు కట్టే ఆడవాళ్లయితే పకపకా నవ్వారు. ఒక పూటంతా కూర్చోబెట్టి నేర్పినా ఈమెకు ముడి వేయడం రాలేదని చెప్పారు. వాళ్లంతా ఆ రాత్రి ఆ అరుగు దగ్గరికి ఎందుకొచ్చారో అప్పుడు వీధికి అర్థమైంది. తమ వీధులు కథలో వస్తాయని తెలిసి వచ్చారు.

ముసలాయన మొదటి శిష్యుడికి వెండి రూపాయి ఇచ్చాడు. పిల్లలచేత చప్పట్లు కొట్టించినందుకు అది న్యాయంగా అతనికి దక్కాలన్నాడు. రెండోవాడికి తన దగ్గరున్న పాత పుస్తకాలన్నీ ఇచ్చాడు. అరుగు మాత్రం మజ్జిగ ఆమె కూతురికి ఇచ్చాడు.

మొదటి శిష్యుడు కొన్నాళ్లు ఆ వీధికే రాలేదు. మరుసటి ఏడు జాతరకు వచ్చి, అదే కీలుగుర్రం కథ మళ్లీ చెబుతానని అడిగాడు. పిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది. ఈసారి గుర్రం గాలిగోపురం పక్కనుంచి పోతుండగా మీట విరిగింది. వీరుడు గుర్రాన్ని బండ్ల వీధిలో దించాల్సొచ్చింది. అక్కడ బండిచక్రాలకు పట్టా వేసే కమ్మరి ఒకడు, తన పిల్లవాడి జ్వరం సంగతి చెప్పుకుంటూనే, కొలిమి దగ్గర మీట సరిచేసి పెట్టాడు. కమ్మరి మాట తీరు, కొలిమి తిత్తి చప్పుడు, బాడుగ దొరకని జట్కావాళ్లు చుట్టూ చేరి గుర్రానికి గడ్డి పెట్టబోవడం, అన్నీ కథలోకి వచ్చాయి. ఆ రాత్రి పిల్లలతో పాటు పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ముసలాయన అడగకముందే శిష్యుడు, గుర్రం దిగిన వీధి పేరు తానే చెప్పాడు.

కథలోని వీరుణ్ని కీలుగుర్రం ఎక్కించినా, పసరు పూసి పరుగెత్తించినా, కాలినడకన తిప్పినా, చెప్పేవాడు ఎన్నడూ తొక్కని వీధిలో ఆ వీరుడు దిగలేడు. వేషం మార్చుకుని పదిమంది గడపల్లో కూర్చున్నవాడికే ఊళ్లో తప్పిపోయిన పిల్లవాడు దొరుకుతాడు. అందుకని, మీ ఊరి మీద పిల్లలకు కథ కట్టి చెప్పాలనుకున్నప్పుడు, ఆ ఊళ్లో మీరు ఇంతవరకూ పోని వీధికి ముందు ఒకసారి పోయి, అక్కడివాళ్లతో కాసేపు మాట్లాడి రండి.